సైడ్ కారులో కూర్చున్నావిడని అడగాలి

మా వారు ఇంట్లో బాగా మాట్లాడతారు. కిరోసిన్ స్టవ్వు మంట ఎందుకు నీలంగా ఉంటుందో, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు ఎందుకు గంతులేస్తాయో, నేను అడక్కపోయినా చెప్పేవారు. నేను తాలింపు వేస్తూ ఊఁ కొట్టేదాన్ని. కొట్టకపోతే మళ్ళీ మొదటినుంచి చెప్తారని భయం. ఆయన బీఎస్సీ చదివింది మాస్టరు అవడానికి. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చిందీ అందుకే. మాస్టరు ఉద్యోగం రాలేదు. అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసుకి కాస్త ఇవతల, స్కూళ్ళకి సైన్సు సామాను అమ్మే కొట్లో కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం వచ్చింది.

ఆ కొట్టునిండా అద్దాల బీరువాలు. గాజు గొట్టాలు, త్రాసులు, గ్లోబులు, మైక్రోస్కోపులు. ఒక మూల కొక్కేనికి మనిషి అస్థిపంజరం వేలాడుతూ ఉండేది. నేను మొదటిసారి ఆ కొట్టుకి వెళ్ళిన రోజున దాని ముఖమూ మా వారి ముఖమూ ఒక్కలాగే ఉన్నాయి. రోజంతా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, ఎన్ని డజన్లు కావాలండీ అని. ఆ వస్తువు ఏం చేస్తుందో, దాంతో ఏం చూడొచ్చో ఎవరూ అడగరు, ఆయన చెప్పడానికి వీల్లేదు. అదంతా మూటగట్టుకుని ఇంటికొచ్చి నా స్టవ్వు దగ్గర విప్పేవారు.

ఒక వేసవిలో కొట్టు యజమాని, మేమంతా సేటుగారనేవాళ్ళం, ఒక సంగతి చెప్పాడు. తాలూకా ఊళ్ళన్నిట్లో కొత్త హైస్కూళ్ళు లేస్తున్నాయి. వాళ్ళకి సామాను అమ్మితే చాలదు, వాడే పద్ధతి చూపించే మనిషి కావాలి. ఆ మనిషి ఊరూరా తిరగాలి. బస్సుల వల్ల లాభం లేదు. అంతకు ముందు ఒకసారి మా వారినే గాజు సామానుతో బస్సులో పంపితే, పెట్టెని టాపు మీద పడేశారు. ఊరు చేరేసరికి లోపల గలగలమంటోంది. హెడ్మాస్టరుగారు మూత తీసి చూసి, మళ్ళీ మూసేసి, టీ ఇప్పించి పంపించారట. అందుకని ఈసారి సొంత బండి ఉన్నవాడికే జిల్లాలు అన్నాడు సేటుగారు. పెట్రోలు ఆయనది, బండి మనది. స్కూళ్ళు తెరిచేలోగా తేల్చి చెప్పాలి. కొట్లో ఇంకో గుమాస్తాకి స్కూటరుంది. అతనికి థర్మామీటరు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదని మా వారి బాధ.

ఆ సాయంత్రం ఆయన స్టవ్వు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఈ పని చేజారితే ఈయన ఆ కౌంటరు వెనకే ముసలివాడైపోతాడని ఆ కూర్చోవడం చూస్తేనే నాకు అర్థమైంది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అప్పుడూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు గానీ గట్టిగానే వచ్చింది. అయితే మనమూ బండి కొందాం అన్నాను. ఆయన నా వంక చూసి, సైకిలు తప్ప ఏదీ తొక్కలేదే అన్నారు. సైకిలు మాత్రం పుట్టగానే తొక్కారా అన్నాను.

కొత్త స్కూటరు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూర్చోవాలి. దొరికినా దాని మీద గాజు పెట్టెలు నిలవవు. మాకు బండి దొరికే తోవ చూపించింది మా ఇంటావిడ. నాంపల్లిలో, స్టేషను కూతలు వినిపించేంత దూరంలో, ఆవిడ ఇంట్లో ముందు రెండు గదులు మేం అద్దెకుండేవాళ్ళం. తరతరాలుగా హైదరాబాదులోనే ఉన్న కుటుంబం వాళ్ళది. నేను ఆవిడని పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను బిడ్డా అనేది. మొజంజాహీ మార్కెట్ వెనక సందులో వాళ్ళ ఎరికలో ఒక పెద్దాయన ఉన్నాడనీ, నిజాం కాలంలో రోడ్ల ఇలాకాలో, అంటే శాఖలో, పనిచేశాడనీ, జిల్లాలన్నీ మోటారు సైకిలు మీదే తిరిగాడనీ, ఇప్పుడు దాన్ని ఇచ్చేస్తానంటున్నాడనీ చెప్పింది. దానికి పక్కన మనిషి కూర్చునే తొట్టి, సైడ్ కారు, కూడా ఉందంది.

మా వైపు వాళ్ళు పెద్ద వస్తువేదీ పెద్దవాళ్ళు లేకుండా కొనరు. గేదెను కొన్నా సరే, ఇంటివైపు నుంచి ఒక మొనగాడు వచ్చి దానికి వంకలు పెట్టాలి. వంకలు పెట్టడమంటే వద్దని కాదు, కావాలని. ఎంత కావాలో అన్ని వంకలు. మా పెద్దన్నయ్యకి ఊళ్ళో ధాన్యం మిల్లుంది, ఇంజన్లంటే తెలుసు, వంకల్లో అయితే జిల్లాకే పేరు మోసినవాడు. కబురు పెడితే రైలెక్కి వచ్చాడు.

ముగ్గురం వెళ్ళాం. పెద్దాయన తెల్ల షేర్వాణీ వేసుకుని, మాకోసమే ఎదురు చూస్తున్నట్టు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ముందు కుర్చీలు వేయించాడు, పళ్ళరసం ఇప్పించాడు, మా ఊరి వానల గురించి అడిగాడు. బండి మాట మాత్రం ఎత్తలేదు. ఆఖరికి మా అన్నయ్యే లేచి, ఏదండీ ఆ శకటం అన్నాడు. పెద్దాయన రేకు పందిరి కింద కప్పిన దుప్పటి తీశాడు. ముదురాకుపచ్చ టాంకు, నా ముఖమంత హెడ్‌లైటు, ఎడమ పక్కన నల్లటి తొట్టి, దానికి చిన్న తలుపు, ముందు చిన్న అద్దం, లోపల తోలు దిండు. విలాయతీ బండి. నాకు చూడగానే నచ్చింది. నచ్చినట్టు కనపడకూడదు కాబట్టి సందులోకి చూస్తూ నిలబడ్డాను.

అన్నయ్య మొదలుపెట్టాడు. టైరు అరిగిపోయిందండీ అన్నాడు. పెద్దాయన తలూపి, "ఔ సార్, అరిగింది. ఎనక టైరు గూడ చూడుండ్రి, గది ఇంకా ఎక్కువ అరిగింది" అన్నాడు. చప్పుడు బాగా చేసేట్టుందే అంటే, గల్లీ అంత లేస్తది సార్ అన్నాడు. ఎక్కడపడితే అక్కడ సొట్టలున్నాయే అంటే, నా నెత్తి మీద ఉన్నయి దాని కంటె తక్కువ అన్నాడు. సామాన్లు దొరుకుతాయా అంటే, యాడ దొరుకుతయి, విలాయత్ పోవాలె అన్నాడు. అన్నయ్యకి ఎదురుదెబ్బ తగలకపోయేసరికి ఊపు పోయింది. ఏ బేరంలోనైనా మనం ఒక వంక పెడితే అమ్మేవాడు పది గొప్పలు చెప్పాలి, అప్పుడు మనం ఇంకో వంక పెట్టాలి. ఈయన మన వంకకి ఇంకో వంక కలిపి ఇస్తున్నాడు.

చివరికి అన్నయ్య సూటిగా, ఇంతకీ మీ బండి ఎలాంటిదండీ అని అడిగాడు.

"ఏం బండి సార్. తుక్కు ఇనుము. నా లెక్కనే ముసల్దైంది" అన్నాడు పెద్దాయన. ఆ మాట అంటూ జేబులోంచి ఉతికిన రుమాలు తీసి, హెడ్‌లైటు అద్దం మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. నేను అది చూశాను. చూశాను గానీ బుర్రకెక్కలేదు.

బయటికి రాగానే అన్నయ్య తీర్పు చెప్పేశాడు. "ఇదుగో అమ్మాయ్, నేను ఇన్ని బేరాలు చేశాను. సొంత సరుకుని తుక్కు అని ఒప్పుకున్న మనిషిని ఇప్పుడే చూడటం. పాపం నిజాయితీపరుడు. ఆయన మాట నమ్మండి, ఆ బండి జోలికి పోకండి" అన్నాడు. మా వారు తలూపారు. ఆయన ఎందులోనూ వాదించరు, ముఖ్యంగా మా అన్నయ్యతో. మర్నాడు నాంపల్లి స్టేషన్లో అన్నయ్యని రైలెక్కించి వచ్చాం. దారిలో మా వారు, పోనీలే, ఆ స్కూటరతను కూడా మంచివాడే అన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మంచివాడైతే మంచం వేసి పడుకోబెట్టండి, జిల్లాలు ఎందుకివ్వాలి అన్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇంటావిడ మామిడికాయ తొక్కు పట్టుకొచ్చింది. తొక్కంటే మా ఊరగాయే. గిన్నె నా చేతిలో పెడుతూ, ఈ ఏడు అస్సలు కుదరలేదనీ, ఉప్పు చెడిందనీ, తినలేకపోతే పారెయ్యమనీ చెప్పింది. సరేనని పక్కన పెట్టాను. పెద్దావిడ పాపం కష్టపడి పెట్టింది కదా అని కొంచెం అన్నంలో కలుపుకున్నాను. మొదటి ముద్దకే కళ్ళు తెరుచుకున్నాయి. అంత మంచి ఊరగాయ మా అమ్మ కూడా పెట్టలేదు, ఈ మాట మా అమ్మకి చెప్పకండి.

ముద్ద నోట్లో ఉండగానే నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. మేం ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఏం లేదు బిడ్డా, ఉత్త పప్పు నీళ్ళు, వచ్చి మెతుకు కొరికిపోండ్రి అంది. అయ్యో, ఇబ్బందుల్లో ఉన్నారేమో అని నేను మా వారికి ముందే ఇంట్లో కడుపు నిండా పెట్టేసి తీసుకెళ్ళాను. తీరా చూస్తే బగారా అన్నం, పచ్చిపులుసు, గారెలు, రెండు రకాల తీపి. మేం తినలేక తినలేక కెలుకుతుంటే ఆవిడ ముఖం చిన్నబోయింది. మా వైపు ఇంట్లో దూడ పుడితే అలాంటి దూడ తాలూకాలో లేదని పొద్దున్నే వీధంతా చెప్పొస్తాం. వీళ్ళు మేడని గుడిసె అంటారు, విందుని పప్పు నీళ్ళంటారు. తనదాన్ని ఎదుటివాడి ముందు తక్కువ చెయ్యడం వాళ్ళ మర్యాద. ఎంత ఇష్టమైతే అంత తక్కువ చేస్తారు. అలాంటప్పుడు ఆ పెద్దాయన బండిని తుక్కు ఇనుమన్నాడంటే ఏమిటర్థం. కడిగిన చెయ్యి తుడుచుకోకుండానే ఇంటావిడ గుమ్మంలోకి వెళ్ళాను.

నేను చెప్పిందంతా విని ఆవిడ నడుం పట్టుకుని నవ్వింది. "నీ అన్న ఐబులు పెట్టుకుంట పోతె, పెద్దమనిషి కాదంటడా బిడ్డా? ఇంటికొచ్చినోళ్ళ మాట కొట్టేస్తరా ఎవరన్న?" అంది. ఐబులంటే వంకలే. ఇప్పటిదాకా వచ్చినవాళ్ళంతా అలాగే వంకలు పెట్టారట, ఆయన అన్నిటికీ ఔనన్నాడట, అందరూ అలాగే వెళ్ళిపోయారట. మరి ఆ బండి మంచిదో కాదో తెలిసేదెలా అన్నాను. మెచ్చుకుంటే, తీస్కపోండ్రి మీదే అంటాడు. తిడితే, ఔ అంటాడు. పద, నేనొస్త అంది ఇంటావిడ.

మా వారు కొట్టుకి వెళ్ళాక ఇద్దరం బయల్దేరాం. మళ్ళీ అవే కుర్చీలు, అదే పళ్ళరసం. ఈసారి నేను బండి వైపు చూడనేలేదు. ఆయన పని చేసిన రోజుల గురించి అడిగాను. ఏ ఏ ఊళ్ళకి వెళ్ళేవారు బాబాయిగారూ, వానాకాలం వాగులు ఎలా దాటేవారు అని. ఆయన ముందు రెండు మాటలు చెప్పి ఆగాడు. తర్వాత నాలుగు చెప్పాడు. మెదక్ వైపు నల్లరేగడి, ఆదిలాబాదు అడవి, మంజీరా ఒడ్డున వంతెన కట్టేటప్పుడు గుడారంలో గడిపిన నెలలు. అన్నిట్లోనూ బండి ఉంది గానీ, దాన్ని పొగడకుండా చెప్పడానికి ఆయన పడుతున్న అవస్థ చూడముచ్చటగా ఉంది. మేం ఆడికి పోయినం అంటాడు, అది తీసుకుపోయింది అనడు.

అప్పుడు లోపలి గది గుమ్మానికి వేసిన తెర కదిలింది. ఆయన భార్య బయటికొచ్చింది. సన్నగా, పొడుగ్గా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో ఉంది. మొన్న మేం వచ్చినప్పుడు ఆవిడ ఆ తెర వెనకే ఉందిట, అంతా విందిట. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నన్నడుగు బిడ్డా. తోలింది ఈయన, పక్కన కూసున్నది నేను. తోలినోనికి తొవ్వ కనవడ్తది, కూసున్నోళ్ళకు బండి తెలుస్తది. వచ్చినోళ్ళంత ఈయన్నే అడిగిన్రు. నన్ను ఒక్కలు అడగలే" అంది.

నేను అడిగాను. ఆవిడ చెప్పింది. పెళ్ళయిన కొత్త నుంచీ ఆ తొట్టిలో కూర్చుని జిల్లాలు తిరిగిందట. వాన పడితే ఇంజను ముందు గోనెపట్టా కప్పాలి, లేకపోతే తడిసి అలుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు కాసేపు నీడన నిలపాలి. ఎడమ వైపు మలుపు తిరిగేటప్పుడు తొట్టి ఖాళీగా ఉంటే గాల్లోకి లేస్తుంది, బరువుండాలి. "నన్ను గన్ని ఊర్లు తిప్పింది ప్రేమతోని అనుకునేరు. బరువు కోసం" అంది మొగుడి వైపు చూడకుండా. ఎప్పుడైనా దారిలో నిలబెట్టేసిందా అని అడిగాను. ఒక్కసారి అంది. అది కూడా బండి తప్పు కాదట, ఆయన పెట్రోలు పోసుకోవడం మరిచిపోయాడట. పెద్దాయన గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. ఇక సామాన్ల సంగతికొస్తే, విలాయత్ పోనక్కర్లేదు, తన చీరెల అల్మారీలో సగం అవే ఉన్నాయనీ, అవి వెళ్ళిపోతే తన చీరెలకి జాగా వస్తుందనీ చెప్పింది. మరి ఎందుకు అమ్ముతున్నారమ్మా అంటే, ఆయన మణికట్టు బలం తగ్గిందనీ, తన మోకాళ్ళు తొట్టిలో మడత పడటం లేదనీ అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆవిడ గొంతు కొంచెం మారింది.

అన్నయ్య ఇన్ని వంకలు పెట్టినా నాకు తెలియని బండి, ఆవిడ నాలుగు లోపాలు చెప్పేసరికి కళ్ళ ముందు నిలబడింది. లోపాలు తెలిసిన మనిషితోనూ, వస్తువుతోనూ కాపురం చెయ్యొచ్చు. అది నాకు బాగా తెలుసు.

చెప్పుడు కాదు, కూసో అంది ఆవిడ. పెద్దాయన షేర్వాణీ విప్పి, చొక్కా చేతులు మడిచి, కాలితో ఒక్క తన్ను తన్నాడు. బండి మొదటి తన్నుకే లేచింది. నిజంగానే గల్లీ అంతా లేచింది. నేను తొట్టిలో కూర్చుని కొంగు నడుముకి బిగించాను. నేల అంత దగ్గరగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మార్కెట్ గడియారం స్తంభం పక్కనుంచి పోయాం. పళ్ళ కొట్లవాళ్ళు బేరాలు ఆపి చూశారు. రిక్షావాళ్ళు దారిచ్చారు. నాకు మొదట కళ్ళు మూసుకోవాలనిపించింది, తర్వాత రెండు కళ్ళూ చాలవనిపించింది. బండి కింద నుంచి వచ్చే దడ నా వెన్నులో ఒకే తీరుగా ఉంది, తడబాటు లేదు. మిల్లు ఇంజను బాగున్న రోజున మా పుట్టింటి గోడల్లో వినపడే దడ అది.

బాబాయిగారూ, అబిడ్స్ వైపు పోనివ్వండి అని అరిచాను. పెద్ద పోస్టాఫీసు ముందు నుంచి తిప్పి, సరిగ్గా మా వారి కొట్టు ముందు ఆపించాను. అద్దంలోంచి మా వారు కనపడ్డారు. చేతిలో గాజు గొట్టం ఉంది, ఎదురుగా ఎవరో కొనేవాడున్నాడు. చప్పుడుకి తలెత్తి చూసి, మళ్ళీ తలదించుకుని, మళ్ళీ చటుక్కున ఎత్తారు. గొట్టం పట్టుకునే ఫుట్‌పాత్ మీదికి వచ్చేశారు. వెనక సేటుగారు, ఆయన వెనక ఆ స్కూటరు గుమాస్తా.

ఏవండీ, బండి తీసుకున్నాం అన్నాను.

"మీ అన్నయ్య వద్దన్నాడుగా" అన్నారు మా వారు, ఆ చుట్టుపక్కల అందరూ వినేట్టు.

"అన్నయ్య నిలబడి చూశాడు. నేను కూర్చుని చూశాను" అన్నాను.

సేటుగారు తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, ఇందులో రెండు పెట్టెలు పడతాయి అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త నేనెప్పుడూ వినలేదు. మా వారు గాజు గొట్టాన్ని పెన్నులా జేబులో పెట్టుకుని, హెడ్‌లైటు మీద చెయ్యి వేశారు. నాకు ఆ క్షణంలో కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు. నా పెళ్ళి పీటల మీద కూడా నేను అంత తలెత్తుకుని కూర్చోలేదు.

ధర దగ్గర మళ్ళీ అదే తంతు. మీకు తోచింది ఇవ్వమని ఆయన, అలా కాదు మీరే చెప్పాలని మేము. ఇంటావిడ మధ్యలో నిలబడి ఒక అంకె చెప్పింది, రెండు వైపులవాళ్ళమూ తలవంచాం. అన్నయ్యకి ఉత్తరం రాస్తే ఆ బండి పేరెత్తకుండా అందరి ఆరోగ్యాలూ అడుగుతూ జవాబు రాశాడు.

బండి నేర్పింది కూడా పెద్దాయనే. నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, అయిపోయాక ఆ మైదానం ఖాళీగా పడి ఉంటుంది కదా, పొద్దున్నే అక్కడ నేర్చుకునేవారు. రెండు చక్రాల బండికీ దీనికీ పోలికే లేదు, సైకిలు తొక్కినట్టు ఒరిగితే ఒరగదు, ఎడమవైపు లాగుతుంది. మా వారు ఒకసారి టిక్కెట్ల గది వైపు, ఒకసారి గోడ వైపు వెళ్ళి, మూడో వైపు వెళ్ళడం నేర్చుకున్నారు. తొట్టిలో బరువుగా నన్ను కూర్చోబెట్టేవారు. పెద్దాయన భార్య గట్టు మీద కూర్చుని, నడుం వంచకు బిడ్డా, బండితోపాటే ఊగు అని నాకు కేకలేసి చెప్పేది. బరువుగా ఉండటంలో కూడా ఒక విద్య ఉందని నాకు అప్పుడే తెలిసింది.

స్కూళ్ళు తెరిచారు. జిల్లాలు మా వారివే అయ్యాయి. మొదటి ప్రయాణం నల్లగొండ దారిలో ఒక తాలూకా ఊరి హైస్కూలుకి. వాళ్ళకి ఒక మైక్రోస్కోపు, కొన్ని గాజు సామాన్లు, ఒక అస్థిపంజరం కావాలి. సామాను తేలిక, దారిలో మలుపులు ఎక్కువ, కాబట్టి బరువుకి నేను. గాజు పెట్టెని నా పాత చీరెల్లో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టారు. మైక్రోస్కోపు పక్కన ఇరికించారు. ఇంక అస్థిపంజరానికి చోటు లేదు. దాన్ని దుప్పట్లో చుట్టి పసిపిల్లని పట్టుకున్నట్టు నా ఒళ్ళో పట్టుకున్నాను.

శుభం కలగాలని ఇంటావిడ తలంటి పోసుకుని, బొట్టు పెట్టుకుని, నీళ్ళ చెంబుతో మాకు ఎదురొచ్చింది. సరిగ్గా అప్పుడే దుప్పటి జారింది. నా భుజం మీదుగా పుర్రె ఆవిడ వంక చూసింది. ఆవిడ చెంబు కింద పడెయ్యకుండా నిలదొక్కుకుని, "నేను ఎదురొస్తున్న అంటె గీయన ఎక్కడికెల్లి వచ్చిండు నడుమ" అంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తింటున్నవాళ్ళు చెంచాలు నోటి దగ్గరే ఆపేశారు. కోఠీలో ఒక పోలీసు చెయ్యి అడ్డం పెట్టి, దగ్గరికొచ్చి చూసి, ఏమీ అడక్కుండా చెయ్యి తీసేశాడు. మా వారు తిన్నగా ముందుకే చూస్తూ తోలారు. ఆయన వీపు అంత నిటారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. దారిలో ఒక ఎడమ మలుపులో చక్రం కొంచెం తేలుతున్నట్టనిపిస్తే బయటికి ఒరిగాను. చక్రం దిగింది. ఆయన నా వైపు తిరక్కుండానే తలూపారు.

ఒక్క గాజు గొట్టమూ పగల్లేదు. హెడ్మాస్టరుగారు, స్థానికుడే, పెట్టె విప్పి చూసి సంతోషించి, సంతకం పెట్టడానికి కలం తీశారు. మా వారు, ఒక్క నిమిషం సార్, ఇది ఎలా వాడాలో పిల్లలకి చూపిస్తాను అన్నారు. అస్థిపంజరాన్ని పెద్ద క్లాసు నల్లబల్ల పక్కన నిలబెట్టారు. ముందు బెంచీ పిల్లలు వెనక్కి జరిగారు. భయపడకండి, ఇది మీ అందరిలోనూ ఉంది, మీ మోచెయ్యి పట్టుకు చూడండి అన్నారు. క్లాసంతా తమ మోచేతులు పట్టుకుంది. తర్వాత మోకాలు. తర్వాత పక్కటెముకలు. గొణుగుడు పోయి నవ్వులు మొదలయ్యాయి, నవ్వులు పోయి ప్రశ్నలు మొదలయ్యాయి. ఆయన ఒక్కదానికీ తడుముకోలేదు. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. పక్క క్లాసు పిల్లలు కిటికీల దగ్గర చేరారు. కుండలోంచి ఒక చుక్క నీళ్ళు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కొక్కళ్ళనీ పిలిచి చూపించారు. చూసిన ప్రతివాడూ తలెత్తి, మొదట ఆ కుండ వైపూ, తర్వాత మా వారి వైపూ చూశాడు. ఎన్ని డజన్లు అని తప్ప అనని మనిషి గొంతు ఆ వసారా చివరిదాకా ఖణేలుమని వినపడుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇన్నాళ్ళూ ఇదంతా నా ఒక్కదాని స్టవ్వు దగ్గర వృథాగా పోయిందా అనిపించింది.

అంతా అయ్యాక ఆయన చెమటతో, సుద్ద దుమ్ముతో బయటికొచ్చి, కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, ముఖం కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. హెడ్మాస్టరుగారు నా దగ్గరికొచ్చారు.

"ఎంత మంచిగ చెప్పిన్రమ్మా మీ సారు. మా దగ్గర గిట్ల చెప్పెటోళ్ళు లేరు" అన్నారు.

మా ఊళ్ళో అయితే నేను ఏమనేదాన్నో నాకు తెలుసు. ఆయన బీఎస్సీలో ఎంత బాగా పాసయ్యారో, వాళ్ళ ప్రొఫెసరు ఏమన్నారో, అలాంటి మనిషి తాలూకాలో కాదు జిల్లాలోనే లేరనీ, గుక్క తిప్పుకోకుండా చెప్పి ఉండేదాన్ని. నోరు తెరిచాను. లోపల అంత ఉంటే అందులో ఒక్కటీ బయటికి రాలేదు.

"ఏముందండీ, ఏదో నాలుగు ముక్కలు చెప్తారు" అన్నాను.

అని కిందికి చూసుకుంటే, నా కొంగుతో ఆయన కళ్ళజోడు తుడుస్తున్నాను. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. ఇంకా తుడుస్తూనే ఉన్నాను.